ది ఎల్డర్ స్క్రోల్స్ ఆటలను ఆడవలసిన క్రమము

ది ఎల్డర్ స్క్రోల్స్ అనునది అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ రూపొందించిన ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో ఆటల వరుస. ఇందులో 1994 నుండి 2011 వరకు ఐదు ప్రధాన ఆటలు వెలువడినవి. అవి అరీనా, డాగర్‌ఫాల్, మారోవిండ్, ఒబ్లివియన్, స్కైరిమ్. వీటిలో ఐదవదైన స్కైరిమ్ అన్నిటికంటె ఎక్కువ మందిని చేరినది. దాని అమ్మకాలు 6 కోట్ల ప్రతులు దాటినవని దర్శకుడు టాడ్ హోవార్డ్ 2023లో తెలిపాడు. అందువలన ఈ వరుసతో తొలి పరిచయము ఐదవ ఆటతోనే కలిగినవారు చాలామంది ఉన్నారు. స్కైరిమ్ అర్థము కావడానికి ముందటి నాలుగు ఆటలు ఆడి ఉండవలెనా, ఆడనిచో కోల్పోయేది ఏమిటి అనునవి వీరికి సాధారణముగా కలిగే సందేహములు.

కథ అర్థమగుటకు ముందటి ఆటలు అవసరము లేదు. ప్రతి ఆట వేరొక ప్రాంతములో, వేరొక నాయక పాత్రతో, స్వయంసంపూర్ణమైన కథతో సాగుతుంది. అయితే అన్ని ఆటలకు ప్రపంచము ఒక్కటే, దాని చరిత్ర కూడ ఒక్కటే. ఒక ఆటలో జరిగినది తరువాతి ఆటలో చరిత్రగా మిగులుతుంది. కావున ఆడే క్రమమును బట్టి కథ మారదు కాని, కథలోని స్థలములకు, శిథిలములకు, పేర్లకు ఉండే బరువు మారుతుంది.

నేపథ్యము

రోల్ ప్లేయింగ్ ఆట అనగా ఆడేవారు ఒక పాత్రను తీసుకొని, దాని జాతి, నైపుణ్యములు, ఆయుధములు, నిర్ణయములు తామే ఎంచుకొంటూ ముందుకు సాగే ఆట. కాగితము, పాచికలతో నలుగురు కలిసి ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (1974) వంటి ఆటలనుండి ఈ పద్ధతి కంప్యూటర్లలోకి వచ్చినది.

ది ఎల్డర్ స్క్రోల్స్ కథలు టామ్రియెల్ అనే కల్పిత ఖండములో జరుగుతాయి. ఈ ఖండములో సిరొడీల్, మారోవిండ్, స్కైరిమ్, హై రాక్ మొదలైన ప్రాంతములు ఉన్నవి. మనుష్య జాతులతోబాటు ఎల్ఫ్ జాతులు, పిల్లి రూపముగల ఖజీట్లు, బల్లి రూపముగల ఆర్గోనియన్లు ఇక్కడి నివాసులు. ఖండములో అధిక భాగమును చాలాకాలము సెప్టిమ్ వంశపు చక్రవర్తులు పాలించినట్లు కథ చెబుతుంది.

మొదటి ఆట అరీనాను తొలుత ఒక జట్టు ఊరూరా తిరిగి మల్లరంగములలో పోరాడే ఆటగా తలపెట్టినారు. తయారీ సాగిన కొలదీ పోరాటములకన్న ఊళ్ళు, నేలమాళిగలు, పక్క పనులు ముఖ్యమై, అది రోల్ ప్లేయింగ్ ఆటగా మారినది. పేరు మాత్రము అలాగే నిలిచినది. దాని రూపకర్తలలో విజయ్ లక్ష్మణ్, టెడ్ పీటర్సన్, జూలియన్ లెఫే ముఖ్యులు. మారోవిండ్ మొదలు తరువాతి మూడు ఆటలకు టాడ్ హోవార్డ్ నేతృత్వము వహించినాడు.

విడుదల క్రమము, కథాకాల క్రమము

కొన్ని వరుసలలో తరువాత వచ్చిన ఆట ముందు జరిగిన కథను చెబుతుంది. అప్పుడు విడుదల క్రమములో ఆడవలెనా, కథాకాల క్రమములో ఆడవలెనా అనే మరొక చిక్కు వస్తుంది. ఈ వరుసలోని ఐదు ప్రధాన ఆటలలో ఆ చిక్కు లేదు. విడుదలైన క్రమమే కథాకాల క్రమము. కథలోని కాలమును యుగములుగా, ప్రతి యుగమును సంవత్సరములుగా లెక్కిస్తారు.

* అరీనా (1994): తృతీయ యుగము 389 నుండి 399 వరకు. రంగస్థలము టామ్రియెల్ ఖండమంతయు.
* డాగర్‌ఫాల్ (1996): తృతీయ యుగము 405. ఇలియాక్ అఖాతము చుట్టూ ఉన్న రాజ్యములు.
* మారోవిండ్ (2002): తృతీయ యుగము 427. వార్డెన్‌ఫెల్ ద్వీపము.
* ఒబ్లివియన్ (2006): తృతీయ యుగము 433. సామ్రాజ్యమునకు నడిబొడ్డైన సిరొడీల్.
* స్కైరిమ్ (2011): చతుర్థ యుగము 201. ఉత్తరాన ఉన్న మంచు ప్రాంతము స్కైరిమ్.

ఒబ్లివియన్ కథతో తృతీయ యుగము ముగుస్తుంది. అనగా ఒబ్లివియన్‌కు, స్కైరిమ్‌కు నడుమ కథలో దాదాపు 200 సంవత్సరములు గడిచినవి.

ఇవి గాక బ్యాటిల్‌స్పైర్ (1997), రెడ్‌గార్డ్ (1998) అనే రెండు అనుబంధ ఆటలు వచ్చినవి. అనేకులు ఒకేసారి ఇంటర్నెట్ ద్వారా ఆడే ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2014 ఏప్రిల్‌లో విడుదలైనది. దాని కథ ద్వితీయ యుగము 582లో, అనగా మిగిలిన ఆటలకు శతాబ్దముల ముందు మొదలవుతుంది. కావున అది ఏ ప్రధాన ఆటకూ కొనసాగింపు కాదు. ఆరవ ప్రధాన ఆటను 2018 జూన్‌లో ప్రకటించినారు.

ఒకే చక్రవర్తి కాలము

ఆడే క్రమమును గూర్చి ఆలోచించేటప్పుడు గమనించదగిన విషయము ఒకటి ఉన్నది. మొదటి నాలుగు ఆటలు ఏడవ యూరియల్ సెప్టిమ్ అనే ఒకే చక్రవర్తి పాలనాకాలములో జరుగుతాయి. కథ ప్రకారము ఇతడు తృతీయ యుగము 368 నుండి 433 వరకు, అనగా 65 సంవత్సరములు పాలించినాడు.

అరీనాలో జాగర్ థార్న్ అనే ఆస్థాన మాంత్రికుడు యూరియల్‌ను వేరొక లోకములో బంధించి, అతని రూపము ధరించి సింహాసనముపై కూర్చుంటాడు. ఎనిమిది ముక్కలైన ఒక దండమును కూర్చి, చక్రవర్తిని విడిపించుటయే ఆ ఆట లక్ష్యము. డాగర్‌ఫాల్‌లో అదే చక్రవర్తి తన నమ్మకస్తునిగా నాయక పాత్రను పడమటి రాజ్యములకు పంపుతాడు. మారోవిండ్‌లో చక్రవర్తి కనిపించడు. కాని అతని ఆజ్ఞ మేరకే ఒక ఖైదీని విడిచి, ఓడలో వార్డెన్‌ఫెల్‌కు పంపుతారు. ఆ ఖైదీయే నాయక పాత్ర. ఒబ్లివియన్ ప్రారంభములోనే వృద్ధుడైన యూరియల్ హంతకుల చేతిలో మరణిస్తాడు. ఆ ఆటలో అతని మాటలకు గొంతునిచ్చినది ప్రసిద్ధ ఆంగ్ల నటుడు పాట్రిక్ స్టూవర్ట్.

కావున నాలుగు ఆటలను వరుసగా ఆడినవారికి ఒక రాజు జీవితములోని నాలుగు ఘట్టములు కనిపిస్తాయి. ఒబ్లివియన్‌తో మొదలుపెట్టినవారికి మాత్రము యూరియల్ మొదటి అరగంటలో కనిపించి పోయే ముసలి రాజు. కథ అర్థమగుటలో లోటు ఉండదు, మరణము యొక్క బరువు మాత్రము తగ్గుతుంది. స్కైరిమ్ ఈ రాజ్యకాలమునకు పూర్తిగా వెలుపల ఉన్నది. ఈ వరుసలో సహజమైన విరామము ఎక్కడైనా ఉన్నదనుకొంటే, అది నాలుగవ, ఐదవ ఆటల నడుమనే ఉన్నది. స్కైరిమ్‌తో మొదలుపెట్టుట సులభమగుటకు ఇది ఒక కారణము.

కథలు వేరువేరుగా ఉండుటకు కారణములు

ఈ ఆటలు ఒకదానిపై ఒకటి ఆధారపడకుండుటకు మూడు ముఖ్య కారణములు కనిపిస్తాయి.

మొదటిది నాయక పాత్ర. ప్రతి ఆటలోను ఈ పాత్ర కొత్తది, దానికి గతము ఉండదు. డాగర్‌ఫాల్ మినహా మిగిలిన నాలుగు ప్రధాన ఆటలలో నాయక పాత్ర ఖైదీగానే మొదలవుతుంది. ఖైదు ఎందుకు పడినదో ఆట సాధారణముగా స్పష్టముగా చెప్పదు. పేరు, జాతి, స్త్రీ పురుష భేదము అన్నియు ఆడేవారే నిర్ణయిస్తారు. పాత్రకు ఆ ప్రాంతము కొత్త. అందువలన అక్కడి సంగతులు పాత్రకు చెప్పే నెపముతో ఆట వాటిని ఆడేవారికి చెబుతుంది.

రెండవది నిర్ణయముల ఫలితములు. ఒక ఆటలో భద్రపరచిన ప్రగతిని తరువాతి ఆటలోకి తెచ్చే ఏర్పాటు ఈ వరుసలో లేదు. ఆడేవారు తీసుకొన్న వ్యక్తిగత నిర్ణయములను తరువాతి ఆటలు సాధారణముగా ప్రస్తావించవు. ప్రధాన కథ పూర్తయినదని మాత్రమే భావించి ముందుకు సాగుతాయి.

మూడవది ముగింపుల సమస్యకు రచయితలు కనుగొన్న ఉపాయము. డాగర్‌ఫాల్ చివర న్యుమిడియమ్ అనే మహా యంత్రమును నడిపే వస్తువును పరస్పరము శత్రువులైన అనేకులలో ఒకరికి ఇవ్వవచ్చును. ఎవరికి ఇస్తే వారికి అనుకూలమైన ముగింపు వస్తుంది. వీటిలో ఏది నిజముగా జరిగినదని తరువాతి ఆట చెప్పవలెను? ఆ ఆపదలో కాలమే చీలి, ఒకదానికొకటి పొసగని ఆ ముగింపులన్నియు ఒకేసారి జరిగినవని తరువాతి ఆటలలోని పుస్తకములు చెబుతాయి. దీనిని పడమటి వక్రీభవనము అనదగిన పేరుతో వ్యవహరిస్తారు. దాని తరువాత ఆ ప్రాంతములోని అనేక చిన్న రాజ్యములు నాలుగుగా మిగిలినవి. ఓర్కు జాతి రాజ్యమైన ఒర్సినియమ్ వాటిలో ఒకటి. డాగర్‌ఫాల్‌లో శత్రువులుగా కనిపించే ఓర్కులు మారోవిండ్ నుండి ఆడేవారు ఎంచుకోదగిన జాతిగా మారినారు. ఈ విధముగా ఎవరి నిర్ణయమూ తప్పు కాలేదు, చరిత్ర మాత్రము ముందుకు సాగినది.

ముందటి ఆటలు ఆడినవారికి అదనముగా తెలిసేది

ఈ వరుసలో పాత ఆటల జ్ఞాపకము ఎక్కువగా ఉపయోగపడేది స్థలముల విషయములో. కొన్ని ముఖ్యమైన ఉదాహరణలు ఈ క్రింద ఇవ్వబడినవి. ఇందులో ఆయా ఆటల కథాంశములు వెల్లడి అవుతాయి.

సోల్‌స్థైమ్ ద్వీపము: మారోవిండ్ అనుబంధ భాగమైన బ్లడ్‌మూన్ (2003) ఈ ద్వీపములో జరుగుతుంది. అప్పుడది మంచుతో, అడవులతో నిండిన ప్రదేశము. అందులో రేవెన్ రాక్ అనే గని గ్రామమును పునాది నుండి నిలబెట్టే పనిలో ఆడేవారు పాల్గొంటారు. స్కైరిమ్ అనుబంధ భాగమైన డ్రాగన్‌బార్న్ (2012) మళ్ళీ అదే ద్వీపమునకు తీసుకొని వెళుతుంది. ఇప్పుడు ద్వీపపు దక్షిణ భాగమంతయు బూడిదతో కప్పబడి ఉన్నది. రేవెన్ రాక్ ఉన్నది కాని గని మూతపడినది, ఊరిలో డన్మర్ జాతివారు కష్టముతో బ్రతుకుతున్నారు. డ్రాగన్‌బార్న్ మాత్రమే ఆడినవారికి అది ఒక బీద ఊరు. బ్లడ్‌మూన్ ఆడినవారికి తాము కట్టిన ఊరు.

ఎర్ర కొండ పేలుడు: ఆ బూడిదకు కారణము మారోవిండ్ కథలోనే ఉన్నది. వార్డెన్‌ఫెల్‌లోని వివెక్ నగరముపై ఆకాశములో ఒక పెద్ద శిల వేలాడుతూ ఉంటుంది. దానిని పడకుండ ఆపినది వివెక్ అనే దేవుని శక్తి. ఆ శక్తికి మూలమైన లోర్ఖాన్ హృదయమును మారోవిండ్ చివర నాయక పాత్ర స్వయముగా బంధవిముక్తము చేస్తుంది. డాగోత్ ఉర్‌ను ఓడించుటకు అదే మార్గము. దానితో వివెక్ మొదలైన వారి దైవత్వమునకు ఆధారము పోతుంది. చతుర్థ యుగము 5వ సంవత్సరములో ఆ శిల నగరముపై పడినదని, ఎర్ర కొండ పేలినదని తరువాతి చరిత్ర. స్కైరిమ్‌లోని విండ్‌హెల్మ్ నగరములో బూడిద పేట అనే మురికివాడ ఉన్నది. అక్కడ నివసించే డన్మర్లు తమ దేశము విడిచి వచ్చిన శరణార్థుల సంతతి. మారోవిండ్‌లో గెలిచినవారికి ఈ పేట వేరుగా కనిపిస్తుంది. తమ విజయము పరోక్షముగా తెచ్చిన నష్టము అక్కడ కనిపిస్తుంది.

సెప్టిమ్ వంశము, డ్రాగన్‌బార్న్ అనే బిరుదు: స్కైరిమ్ నాయక పాత్రను డ్రాగన్‌బార్న్ అంటారు. డ్రాగన్ల ఆత్మలను గ్రహించి, వాటి భాషలోని పదములను శక్తులుగా ఉపయోగించుట ఈ పాత్ర ప్రత్యేకత. అదే మాట ఒబ్లివియన్‌లో చక్రవర్తులకు వర్తిస్తుంది. సెప్టిమ్ వంశీయులు డ్రాగన్ రక్తము కలవారని, రాజముద్ర అయిన హారమును వారే ధరించగలరని ఆ ఆట చెబుతుంది. యూరియల్ కుమారుడు మార్టిన్ ఆ హారమును పగులగొట్టి, డ్రాగన్ రూపము పొంది, లోకమును కాపాడి అంతరించుటతో ఆ వంశము ముగుస్తుంది. కావున 200 సంవత్సరముల తరువాత రాజవంశముతో సంబంధములేని ఒక ఖైదీని డ్రాగన్‌బార్న్ అని పిలుచుట ఎంత పెద్ద విషయమో ఒబ్లివియన్ ఆడినవారికి వెంటనే తెలుస్తుంది.

టాలోస్ ఆరాధనపై నిషేధము: స్కైరిమ్‌లోని అంతర్యుద్ధమునకు మూలకారణములలో టాలోస్ దేవుని పూజను నిషేధించుట ఒకటి. టాలోస్ అనగా సెప్టిమ్ సామ్రాజ్యమును స్థాపించిన టైబర్ సెప్టిమ్. ముందటి ఆటలలో ఇతని పేరుతో గుడులు, విగ్రహములు బహిరంగముగా ఉండేవి. ఆ కాలమును చూచినవారు సామ్రాజ్యము ఎంత బలహీనపడినదో పోల్చుకోగలరు. చూడనివారికి స్కైరిమ్ ఆటలోని సంభాషణలు, పుస్తకములు ఆ సంగతిని తగినంత వివరిస్తాయి.

చిన్న ప్రస్తావనలు: ఒబ్లివియన్ అనుబంధము షివరింగ్ ఐల్స్ (2007) చివర నాయక పాత్ర షియోగొరాత్ అనే ఉన్మాద దేవుని స్థానము పొందుతుంది. స్కైరిమ్‌లో ఎదురయ్యే షియోగొరాత్ మాటలలో ఆ పాత జీవితపు గుర్తులు వినిపిస్తాయి. మారోవిండ్‌లోని నెలోత్ అనే గర్వి అయిన మాంత్రికుడు డ్రాగన్‌బార్న్‌లో మళ్ళీ కనిపిస్తాడు. డాగర్‌ఫాల్‌లో, మారోవిండ్ అనుబంధము ట్రిబ్యునల్‌లో రాణి బరెంజియా స్వయముగా కనిపిస్తుంది. స్కైరిమ్‌లో ఆమె కిరీటపు రత్నములు 24 మాత్రమే మిగిలినవి. వాటిని వెదకి కూర్చుట ఒక పక్క పని.

పై ఉదాహరణలలో దేనిలోను ముందటి ఆట తెలియక పని ఆగిపోదు. అవసరమైన సమాచారము ఆటలోనే దొరుకుతుంది. విన్న చరిత్రకు, పాల్గొన్న చరిత్రకు మధ్య తేడా మాత్రము ఉంటుంది.

ఆడే విధానములో వచ్చిన మార్పులు

క్రమమును నిర్ణయించుటలో కథకన్న ఎక్కువగా అడ్డు వచ్చేది ఆడే విధానము. ఒక్కొక్క ఆటకు నియమములు సరళమవుతూ వచ్చినవి. డాగర్‌ఫాల్‌లో నైపుణ్యములు 35, మారోవిండ్‌లో 27, ఒబ్లివియన్‌లో 21, స్కైరిమ్‌లో 18. బలము, తెలివి, చురుకుదనము వంటి మూల లక్షణముల అంకెలు ఒబ్లివియన్ వరకు ఉన్నవి. స్కైరిమ్‌లో ఆరోగ్యము, మంత్రశక్తి, దమ్ము అనే మూడు మాత్రమే మిగిలినవి. కొత్త మంత్రములను తామే కూర్చుకొనే సౌకర్యము ఒబ్లివియన్‌తో ఆగిపోయినది. గాలిలో తేలే మంత్రము మారోవిండ్‌తో ఆగిపోయినది.

స్కైరిమ్ నుండి వెనుకకు వెళ్ళేవారికి మారోవిండ్‌లో ముఖ్యముగా మూడు విషయములు కష్టముగా తోస్తాయి.

* కత్తి శత్రువుకు తగిలినట్లు కంటికి కనిపించినను దెబ్బ పడకపోవచ్చును. దెబ్బ పడుట అనునది పాత్ర నైపుణ్యము, అలసట మొదలైనవాటిపై ఆధారపడి లోపల పాచిక వేసినట్లు నిర్ణయమవుతుంది. పరుగెత్తి అలసిన పాత్ర, నేర్వని ఆయుధము పట్టితే వరుసగా గురి తప్పుతుంది.
* వెళ్ళవలసిన చోటును చూపే గుర్తు ఉండదు. దారి మనుష్యులు మాటలలో చెబుతారు, అది దినచర్య పుస్తకములో నమోదవుతుంది. ఉదాహరణకు మొదటి పనిలో బల్మోరా పట్టణమునకు వెళ్ళి, కాయస్ కొసాడిస్ అనే వ్యక్తిని విచారించి కనుగొనవలెను.
* పటముపై చోటును నొక్కి అక్కడికి చేరుట కుదరదు. సిల్ట్ స్ట్రైడర్ అనే బ్రహ్మాండమైన పురుగుపై, పడవలో, లేదా మాంత్రికుల సంఘము ద్వారా నిర్ణీత స్థలముల మధ్య ప్రయాణించవలెను.

ఇవి లోపములే అని చెప్పుటకు వీలులేదు. దారి అడిగి తెలుసుకొనుట వలన ఊళ్ళు, కొండలు, వాగులు గుర్తుండిపోతాయి. కథకు అవసరమైన వ్యక్తిని కూడ చంపుటకు మారోవిండ్ అనుమతిస్తుంది. విధి దారము తెగినదని హెచ్చరించి ఊరుకొంటుంది. ఒబ్లివియన్ నుండి అటువంటి వ్యక్తులు మరణించకుండ కట్టుదిట్టము చేసినారు.

ఒబ్లివియన్‌లోని ఇబ్బంది వేరు. ఆ ఆటలో నాయక పాత్ర స్థాయి పెరిగిన కొలదీ శత్రువుల స్థాయి కూడ పెరుగుతుంది. చివరకు దారిదోపిడీ దొంగలు కూడ అరుదైన, విలువైన కవచములు ధరించి ఎదురవుతారు. నైపుణ్యములను ఆలోచన లేకుండ పెంచుకొన్న పాత్ర, స్థాయి పెరిగినను బలహీనముగా మారవచ్చును.

ఈ మార్పుల ఫలితము ఒకటి ఉన్నది. పాతదాని నుండి కొత్తదానికి వచ్చేవారికి ప్రతి ఆటలో సౌకర్యము పెరుగుతుంది. కొత్తదాని నుండి పాతదానికి వెళ్ళేవారికి ప్రతి మెట్టులోను అలవాటైనది ఒకటి తగ్గుతుంది. కావున రెండూ ఆడదలచినవారికి పాతది ముందు ఆడుట సులువు. అయితే పాత ఆట కష్టము చూచి, మొత్తము వరుసనే విడిచిపెట్టే అవకాశము కూడ ఆ క్రమములోనే ఎక్కువ.

పాత ఆటలను నేటి యంత్రములపై ఆడుట

అరీనా, డాగర్‌ఫాల్ ఆటలు డాస్ వ్యవస్థకై తయారైనవి. నేటి కంప్యూటర్లపై వాటిని డాస్‌బాక్స్ వంటి అనుకరణ సాఫ్ట్‌వేర్ సహాయముతో నడుపుతారు. అరీనాను 2004లో, డాగర్‌ఫాల్‌ను 2009లో బెథెస్డా ఉచితముగా అందించినది. డాగర్‌ఫాల్‌ను ఔత్సాహికులు యూనిటీ ఇంజిన్‌పై పునర్నిర్మించినారు. డాగర్‌ఫాల్ యూనిటీ అనే ఈ రూపములో మూల ఆటలోని అనేక దోషములు తొలగినవి, ఆధునిక సౌకర్యములు చేరినవి.

మారోవిండ్ విండోస్‌పై నేరుగా నడుస్తుంది. దానికి ఓపెన్‌ఎండబ్ల్యు అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇంజిన్ కూడ ఉన్నది. దీనిని వాడుటకు మూల ఆట ప్రతి ఉండవలెను. ఒబ్లివియన్ పునర్నిర్మిత రూపము 2025 ఏప్రిల్ 22న విడుదలైనది. దీనిని బెథెస్డాతో కలిసి వర్చ్యుయోస్ సంస్థ తయారు చేసినది. దృశ్యములు అన్‌రియల్ ఇంజిన్ 5తో కొత్తగా చేసినారు. స్థాయి పెరిగే పద్ధతిని సవరించి, పరుగు తీసే సౌకర్యమును చేర్చినారు. కథ, పాత్రల గొంతులు చాలావరకు పాతవే. స్కైరిమ్‌కు 2016లో స్పెషల్ ఎడిషన్, 2021లో ఆనివర్సరీ ఎడిషన్ అనే కొత్త కూర్పులు వచ్చినవి.

భాష

ఈ ఆటలలో తెలుగు భాషా కూర్పు లేదు. తెలుగువారు వీటిని సాధారణముగా ఆంగ్లములోనే ఆడతారు. ఆంగ్లము తక్కువగా వచ్చినవారికి ఆటల మధ్య తేడా ఇక్కడ కూడ ముఖ్యమే. మారోవిండ్‌లో సంభాషణ అధిక భాగము చదువవలసిన పాఠమే, గొంతు వినిపించేది తక్కువ. దారి చెప్పే వాక్యములో ఒక్క మాట తప్పుగా అర్థమైనను వేరొక కొండకు చేరుట జరుగుతుంది. ఒబ్లివియన్, స్కైరిమ్ ఆటలలో సంభాషణలన్నియు వినిపిస్తాయి, అక్షరములలోను కనిపిస్తాయి, గమ్యమునకు గుర్తు ఉంటుంది.

ఇతర వరుసలతో పోలిక

ముందటి ఆటలు ఆడవలెనా అనే ప్రశ్నకు అన్ని వరుసలకు వర్తించే జవాబు లేదు. నాయక పాత్ర ఒకటేనా, నిర్ణయములు తరువాతి ఆటకు చేరుతాయా అనే రెండు విషయములను బట్టి జవాబు మారుతుంది.

ది విచర్ వరుసలో మూడు ఆటలకు (2007, 2011, 2015) నాయకుడు గెరాల్ట్ ఒక్కడే. అతని కథ పోలండ్ రచయిత ఆంద్రే సప్కోవ్‌స్కీ కథలలో మొదలైనది. మూడవ ఆటలోకి రెండవ ఆట ప్రగతిని తెచ్చుకోవచ్చును. లేనిచో ఆరంభములో కొన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పి పాత నిర్ణయములను నమోదు చేయవచ్చును. ఇక్కడ పాత పరిచయస్తులు పరిచయస్తులుగానే మాట్లాడతారు. కావున కొత్తవారికి కొంత తడబాటు కలుగుతుంది.

డ్రాగన్ ఏజ్ వరుసలో ప్రతి ఆటకు నాయక పాత్ర వేరు, కాని నిర్ణయములు తరువాతి ఆటకు చేరుతాయి. మూడవ ఆట ఇన్‌క్విజిషన్ (2014) కొరకు పాత నిర్ణయములను నమోదు చేసుకొనే డ్రాగన్ ఏజ్ కీప్ అనే ఏర్పాటు చేసినారు. నాలుగవ ఆట ది వేల్‌గార్డ్ (2024) మాత్రము ఇన్‌క్విజిషన్‌లోని మూడు నిర్ణయములను మాత్రమే అడుగుతుంది.

బాల్డర్స్ గేట్ మొదటి రెండు ఆటలు (1998, 2000) ఒకే పాత్ర కథ. మొదటి ఆటలో పెంచిన పాత్రను రెండవదానిలోకి తీసుకొని వెళ్ళవచ్చును. మూడవ ఆట (2023) కథలో వందకు పైగా సంవత్సరముల తరువాత, కొత్త పాత్రలతో జరుగుతుంది. పాత ఆటలలోని జహీరా, మిన్స్క్ అందులో కనిపిస్తారు. ఫైనల్ ఫాంటసీ వరుసలో ప్రధాన సంఖ్యగల ఆటలకు ప్రపంచములే వేరు. అందువలన వాటిని ఏ క్రమములోనైనా ఆడవచ్చును. పదవ ఆటకు కొనసాగింపుగా 2003లో వచ్చిన ఎక్స్-2 వంటివి దీనికి మినహాయింపులు.

ఈ పోలికలో ది ఎల్డర్ స్క్రోల్స్ స్థానము మధ్యస్థము. ఫైనల్ ఫాంటసీ వలె ప్రపంచములు వేరు కావు, విచర్ వలె పాత్ర ఒకటి కాదు.

అనుసరించదగిన క్రమములు

పై విషయములను బట్టి ఆడేవారి ఉద్దేశమునకు తగిన క్రమము ఈ విధముగా ఉంటుంది.

* ఒక్క ఆట మాత్రమే ఆడదలచినవారు: స్కైరిమ్‌తో మొదలుపెట్టవచ్చును. 200 సంవత్సరముల విరామము తరువాత జరిగే కథ కనుక ముందు తెలియవలసినది లేదు.
* రెండు ఆటలు ఆడదలచినవారు: ఒబ్లివియన్, తరువాత స్కైరిమ్. సెప్టిమ్ వంశము అంతరించుట, దాని ఫలితము ఈ రెండింటిలో వరుసగా కనిపిస్తాయి. ఒబ్లివియన్ కొత్త రూపము వచ్చినందున పాతదనపు ఇబ్బంది తగ్గినది.
* మూడు ఆటలు ఆడదలచినవారు: మారోవిండ్, ఒబ్లివియన్, స్కైరిమ్. డ్రాగన్‌బార్న్ అనుబంధమునకు ముందు బ్లడ్‌మూన్ ఆడి ఉండుట మేలు.
* వరుస చరిత్రపై ఆసక్తి గలవారు: ఐదు ఆటలను విడుదల క్రమములో ఆడవచ్చును. అరీనాను పూర్తి చేయకున్నను, కొంత ఆడి దాని స్వభావము తెలుసుకొనుట చాలును.

స్కైరిమ్ ముందుగా ఆడినవారు తరువాత మారోవిండ్ ఆడుట వలన నష్టమే కలుగుతుందని చెప్పుటకు వీలులేదు. వారికి క్రమము తిరగబడుతుంది. మొదట శరణార్థులను చూచి, తరువాత వారి పూర్వుల నగరమును చూస్తారు. ఆకాశములో వేలాడే శిల క్రింద వివెక్ నగరవాసులు నిశ్చింతగా బేరములాడుతూ తిరుగుతుంటారు. ఆ శిల ఒకనాడు పడుతుందని అక్కడివారికి తెలియదు, వెనుకకు వచ్చి ఆడేవారికి తెలుసు. విడుదల క్రమములో ఆడినవారికి ఈ అనుభవము దొరకదు. ఒక్కొక్క ఆటకు పదుల నుండి వందల గంటల సమయము పడుతుంది. ఆ సమయమును ఏ ఆటతో మొదలుపెట్టవలెనో నిర్ణయించుటకు కథాక్రమము కన్న, ఆడేవారికి గల ఓపిక, ఆసక్తి, చేతిలో ఉన్న యంత్రము ముఖ్యమైన ఆధారములు.